మెంతులా, దాల్చిన చెక్కా, పసుపా? షుగర్ ఉన్న ఇంట్లో ఏది వాడాలి, ఎలా వాడాలి

మా అమ్మకు షుగర్ వచ్చి పదకొండేళ్లు. శనివారాలు ఒంటిపూట ఉంటుంది, పూజ అయ్యేదాకా ఏమీ తినదు. మూడేళ్ల కిందట ఒక శనివారం పొద్దున పదిన్నరకు దేవుడి గదిలోంచి పిలిచింది. వెళ్లి చూస్తే ఒళ్లంతా చెమట, చేతులు వణుకుతున్నాయి, మాట తడబడుతోంది. గ్లూకోమీటర్‌తో చూస్తే 58. మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించాం. పావుగంట తర్వాత 84కి వచ్చింది. కాస్త తేరుకున్నాక అడిగితే అప్పుడు చెప్పింది. ఫోన్‌లో ఎవరో పంపిన వీడియో చూసి వారం రోజులుగా పరగడుపున రెండు చెంచాల మెంతిపిండి వేడినీళ్లలో కలుపుకుని తాగుతోందట. ఆ రోజు అలవాటు కొద్దీ షుగర్ తగ్గించే గ్లిమెపిరైడ్ బిళ్ల కూడా వేసుకుంది. టిఫిన్ మాత్రం లేదు.

ఆ రోజు అసలు ప్రమాదం ఖాళీ కడుపున వేసుకున్న బిళ్లతో వచ్చింది. మెంతిపిండి దానికి తోడై ఉండొచ్చు. నన్ను ఎక్కువగా బాధపెట్టింది వేరే సంగతి. మెంతులు వంటింటి దినుసు కాబట్టి డాక్టరుకు చెప్పాల్సిన పని లేదనుకుంది అమ్మ. మాకూ చెప్పలేదు. చాలా ఇళ్లలో జరుగుతున్నది ఇదే. ఒకరు పసుపు మంచిదంటారు, ఒకరు దాల్చిన చెక్క టీ తాగమంటారు, ఇంకొకరు మెంతినీళ్లు అంటారు. పోపుల డబ్బా మందుల పెట్టెగా మారిపోతుంది. ఏది ఎంత తినాలి, ఏ మందుతో పడదు అన్నది మాత్రం ఎవరూ చెప్పరు.

అప్పటి నుంచి ఈ విషయం పట్టుకుని చదివాను, మా డాక్టరు గారిని విసిగించాను, ఇంట్లో వండి, షుగర్ కొలిచి చూశాను. నాకు తేలింది ముందే చెప్పేస్తాను. మూడింటిలో ఒకటే ఎంచుకోవాలంటే మెంతులే. ఎందుకు, ఏ రూపంలో, ఎవరు తినకూడదు అన్నదే మిగతా అంతా.

ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాలి. ఇవేవీ మందుకు బదులు కావు. మెట్‌ఫార్మిన్ మానేసి మెంతులు తినడం, ఇన్సులిన్ తగ్గించి చెక్క కషాయం తాగడం లాంటివి చేయకండి. మందు తగ్గించాలా వద్దా అన్నది రిపోర్టు చూసి డాక్టరు చెప్పాల్సిన మాట.

ఎంచుకునేటప్పుడు నేను చూసినవి

మొదటిది మోతాదు. పరిశోధనల్లో పనిచేసినంత పరిమాణం మామూలు వంటలో కలిసి లోపలికి పోతుందా? రెండోది, మనుషుల మీద పరీక్షించారా, లేక ఎలుకల మీదేనా? మూడోది, ఏళ్ల తరబడి రోజూ తిన్నా కాలేయానికి గానీ వేసుకునే మందులకు గానీ ఇబ్బంది రాదా? నాలుగోది చాలామంది పట్టించుకోనిది, నాకు మాత్రం అన్నిటికన్నా ముఖ్యం. షుగర్ లేని మిగతావాళ్లు కూడా అదే కూర, అదే చారు తినగలరా? ఎందుకంటే ఒక్కరి కోసం విడిగా చేసుకునేది ఏదీ మన ఇళ్లలో మూడు నెలలు దాటి సాగదు. వండేది కూడా చాలాసార్లు ఆ షుగర్ ఉన్న మనిషే.

జీలకర్ర, వాము, మిరియాలు, కరివేపాకు కూడా షుగర్ తగ్గిస్తాయని చెబుతుంటారు. రుచికి, అరుగుదలకు హాయిగా వాడుకోండి. షుగర్ కోసమని వాటి మీద ఆధారపడేంత బలం ఆ మాటలకు లేదు.

పసుపు: ప్రేమ ఉన్నా పక్కన పెట్టాల్సి వచ్చింది

మాది తెనాలి ప్రాంతం. దుగ్గిరాల పసుపు యార్డు మాకు దగ్గర. పసుపు లేని శుభకార్యం, పసుపు వేయని పప్పు మాకు తెలియవు. అందుకే పసుపు గెలిస్తే బాగుండునని లోపల ఉండేది. లెక్క వేసి చూస్తే కుదరలేదు.

పసుపులో పనిచేసే పదార్థం కర్క్యుమిన్. మంచి పసుపులో అది నూటికి మూడు పాళ్లు ఉంటుంది, రకాన్ని బట్టి కాస్త ఎక్కువ. థాయ్‌లాండ్‌లో 2012లో వెలువడిన ఒక పరిశోధనలో, షుగర్ అంచున ఉన్న 240 మందిని తీసుకుని సగం మందికి తొమ్మిది నెలలు కర్క్యుమిన్ క్యాప్సూల్స్ ఇచ్చారు. ఆ గుంపులో ఎవరికీ షుగర్ రాలేదు, ఉత్త క్యాప్సూల్స్ తిన్న గుంపులో నూటికి పదహారు మందికి వచ్చింది. వినడానికి ఎంతో బాగుంది. కానీ వాళ్లు రోజుకు మింగినది ఒకటిన్నర గ్రాముల కర్క్యుమిన్. అంత కర్క్యుమిన్ వంటపసుపు నుంచి రావాలంటే రోజుకు 50 గ్రాముల పసుపు తినాలి. నలుగురికి వండే కూరలో మనం వేసేది పావు చెంచా.

అంటే పసుపు పాలు తాగితే షుగర్ దిగుతుందన్న మాటకూ ఆ పరిశోధనకూ సంబంధమే లేదు. పైగా పాలల్లో సహజంగా ఉండే చక్కెర కూడా లెక్కలోకి వస్తుంది. ఇక క్యాప్సూల్స్ దారి పడితే అది వంట కాదు, మందు. ఎక్కువ మోతాదు కర్క్యుమిన్ క్యాప్సూల్స్ వల్ల కొందరికి కాలేయం దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. కూరల్లో పసుపు ఎప్పటిలాగే వేసుకోండి. షుగర్ లెక్కలో మాత్రం దాన్ని కలపొద్దు.

దాల్చిన చెక్క: ముందు మీ దగ్గర ఉన్నది ఏ చెక్కో చూడండి

దాల్చిన చెక్కకు పేరు రావడానికి ముఖ్య కారణం పాకిస్తాన్‌లో జరిగి 2003లో వెలువడిన పరిశోధన. అరవై మందిని గుంపులుగా చేసి, కొందరికి రోజుకు 1, 3, 6 గ్రాముల చొప్పున చెక్క పొడి నలభై రోజులు ఇచ్చారు. పరగడుపు షుగర్ 18 నుంచి 29 శాతం దాకా తగ్గింది. ఆ తర్వాత వేరే దేశాల్లో చేసినప్పుడు కొన్నిచోట్ల తగ్గింది, కొన్నిచోట్ల అసలు తేడా కనిపించలేదు. 2012లో, వైద్య పరిశోధనలను సమీక్షించే కోక్రేన్ సంస్థ పది పరిశోధనలను కలిపి పరిశీలించి, షుగర్‌కు దీన్ని సిఫారసు చేయడానికి ఆధారం చాలదని తేల్చింది.

ఆధారం తేలికగా ఉండటం ఒక ఇబ్బంది. అంతకన్నా పెద్ద ఇబ్బంది మన కిరాణా కొట్లోనే ఉంది. దాల్చిన చెక్క పేరుతో మనకు దొరికేదాంట్లో ఎక్కువ భాగం కాసియా. చైనా, వియత్నాం, ఇండోనేషియాల నుంచి వచ్చే ఈ చెక్క మందంగా, గట్టిగా, ముదురు ఎరుపు కలిసిన గోధుమ రంగులో ఉంటుంది. ఒకటే పొర, చేత్తో తుంచితే తేలిగ్గా తెగదు. బిర్యానీకి ఘాటు కావాలంటే ఇదే బాగుంటుంది. శ్రీలంక నుంచి వచ్చే అసలు దాల్చిన చెక్క లేత గోధుమ రంగు. కాగితాల్లాంటి పలుచని పొరలు ఒకదాంట్లో ఒకటి చుట్టుకుని చుట్టలా ఉంటుంది, వేళ్లతో నలిపితే పొడి అవుతుంది. ధర కాసియా కన్నా చాలా ఎక్కువ.

తేడా ఎందుకు ముఖ్యమంటే కాసియాలో కూమరిన్ అనే పదార్థం బాగా ఉంటుంది, శ్రీలంక చెక్కలో నామమాత్రం. కూమరిన్ ఎక్కువైతే కొందరికి కాలేయం మీద ప్రభావం పడుతుంది. ఐరోపా ఆహార భద్రతా సంస్థ పెట్టిన రోజువారీ హద్దు కిలో బరువుకు 0.1 మిల్లీగ్రాము. అంటే 60 కిలోల మనిషికి 6 మిల్లీగ్రాములు. ఒక్క టీచెంచా కాసియా పొడిలోనే అంతకంటే ఎక్కువ ఉండొచ్చు. వారానికోసారి పలావులో వేసే రెండు ముక్కలతో ఏమీ కాదు. రోజూ పొద్దున చెంచాడు పొడి వేడినీళ్లలో కలుపుకుని నెలల తరబడి తాగేవాళ్లే జాగ్రత్తపడాలి. కొలెస్టరాల్‌కు స్టాటిన్ బిళ్లలు వేసుకునేవాళ్లు, ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్లు ఇంకా ఎక్కువ జాగ్రత్తపడాలి. షుగర్ ఉన్నవాళ్లలో ఈ రెండూ మామూలే కదా.

నాలుగో ప్రశ్న దగ్గర కూడా చెక్క ఆగిపోతుంది. మన రోజువారీ పప్పు, చారు, వేపుడు, పచ్చడిలో దానికి చోటు లేదు. మసాలా కూరలకు, పలావుకు తప్ప వాడం. అయితే ఒక చోట మాత్రం నాకు నచ్చింది. పంచదార లేని టీ తాగలేకపోతున్నవాళ్లు శ్రీలంక చెక్క చిన్న ముక్క వేసి మరిగిస్తే కాస్త తీపి వాసన వస్తుంది, పంచదార మానడం తేలికవుతుంది. ఆ మానేసిన పంచదార వల్ల వచ్చే మేలు చెక్క వల్ల వచ్చే మేలు కన్నా ఎక్కువ.

మెంతులు: మందులా కాదు, తిండిలా పనిచేస్తాయి

మెంతుల విషయంలో మనకు ఇంటి దగ్గరి ఆధారమే ఉంది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1980ల నుంచి దీని మీద పనిచేశారు. 1990లో వెలువడిన ఒక పరిశోధనలో, ఇన్సులిన్ తప్పనిసరైన టైప్ 1 షుగర్ ఉన్నవాళ్లకు నూనె తీసేసిన మెంతిపిండి రోజుకు 100 గ్రాములు మధ్యాహ్నం, రాత్రి భోజనాల్లో కలిపి పది రోజులు పెట్టారు. రోజు మొత్తం మీద మూత్రంలో పోయే చక్కెర 54 శాతం తగ్గింది. వంద గ్రాములు ఇంట్లో ఎవరూ తినలేరు. తర్వాత 1996లో, పెద్దవాళ్లలో మామూలుగా కనిపించే టైప్ 2 షుగర్ ఉన్న అరవై మందికి రోజుకు 25 గ్రాములు, రెండు పూటలుగా, 24 వారాలు ఇచ్చి చూశారు. అక్కడా షుగర్ తగ్గింది. ఇవి చిన్న పరిశోధనలే. అయినా తర్వాత వచ్చినవీ చాలావరకు అటే చూపించాయి. 2014లో పది పరిశోధనలను కలిపి చేసిన సమీక్షలో, మెంతులు తిన్నవాళ్లకు పరగడుపు షుగర్ సగటున 17 మిల్లీగ్రాముల దాకా, తిన్నాక రెండు గంటలకు చూసే షుగర్ దాదాపు 40 మిల్లీగ్రాములు తగ్గినట్టు తేలింది. అందులో గమనించాల్సిన మాట, రోజుకు 5 గ్రాములు, అంతకు మించి తిన్నప్పుడే ఆ ఫలితం కనిపించింది. షుగర్ అంచున ఉన్నవాళ్లతో మూడేళ్లు సాగిన ఇంకో పరిశోధనలో రోజుకు 10 గ్రాములు, భోజనాలకు ముందు ఐదేసి గ్రాములు, వాడారు. మెంతులు తిన్న గుంపులో షుగర్‌గా మారినవాళ్లు బాగా తక్కువ.

ఐదు గ్రాములంటే ఎంత? టీచెంచా మెంతులు 4 గ్రాములకు కాస్త తక్కువ. అంటే చెంచాన్నర. పది గ్రాములంటే రెండున్నర, మూడు చెంచాలు. వంటలో పట్టే కొలతే ఇది. పసుపులా యాభై గ్రాములు అక్కర్లేదు, చెక్కలా కాలేయం గురించి టెన్షన్ అక్కర్లేదు.

మెంతులు పనిచేసే తీరు తెలిస్తే ఎలా తినాలో దానంతటదే అర్థమవుతుంది. మెంతి గింజ బరువులో దాదాపు సగం పీచే. అందులో మళ్లీ సగం దాకా నీళ్లలో కరిగి జిగురయ్యే రకం. రాత్రి నానబెట్టిన మెంతులు పొద్దునకు జారుగా అవుతాయి చూడండి, అదే. ఆ జిగురు కడుపులో అన్నంతో కలిసి చిక్కబడుతుంది. అందువల్ల తిన్నది నెమ్మదిగా కిందికి దిగుతుంది, అందులోని చక్కెర రక్తంలోకి ఒక్కసారిగా కాకుండా కొంచెం కొంచెంగా చేరుతుంది. మెంతుల్లో ఇన్సులిన్ విడుదలకు తోడ్పడే ఒక అమైనో ఆమ్లం కూడా ఉంది. కానీ వంటింటి మోతాదులో ముఖ్యమైన పని పీచుదే. కాబట్టి మెంతులు ఎప్పుడు తినాలంటే, అన్నం తినేటప్పుడు లేదా దానికి పావుగంట ముందు. పరగడుపున తాగి రెండు గంటల తర్వాత టిఫిన్ తింటే ఆ జిగురుకు ఆపడానికి అక్కడ ఏమీ ఉండదు.

ఇక ఏ రూపంలో

అసలు పోలిక ఇక్కడే ఉంది. మెంతులు మంచివని తెలిసినవాళ్లు కూడా ఇక్కడే పొరపాటు పడుతున్నారు.

మెంతినీళ్లు అందరికీ తెలిసినవి, అన్నిటికన్నా బలహీనమైనవి. రాత్రి నానబెట్టి, పొద్దున నీళ్లు వడకట్టుకుని తాగి, గింజలు మొక్కల్లో పోసేవాళ్లు ఎంతమందో. నీళ్లలోకి కొంచెం జిగురు దిగుతుంది గానీ పీచంతా ఆ పారబోసిన గింజల్లోనే ఉంటుంది. నీళ్లు తాగితే గింజలూ నమిలి మింగండి. నమలకుండా మింగితే గింజ గింజలాగే బయటికి పోవచ్చు.

పోపులో వేసే మెంతులు రుచికే. చారు పోపులో పదిహేను ఇరవై గింజలు వేస్తాం, అవి అర గ్రాము కూడా ఉండవు. ఆవకాయలో, మాగాయలో, మెంతికాయలో మెంతిపిండి బాగానే పడుతుంది, నిజమే. కానీ ఉప్పు, నూనె దానికి ఎన్నో రెట్లు. షుగర్‌తో పాటు బీపీ ఉన్నవాళ్లు మెంతులున్నాయి కదా అని ఊరగాయ ఇంకో ముద్ద కలుపుకోవద్దు.

మెంతికూర గురించి వేరుగా చెప్పాలి. మెంతికూర పప్పు, మెంతికూర కలిపిన జొన్నరొట్టె, మెంతికూర వంకాయ అన్నీ మంచి తిండే, వారానికి రెండుసార్లు తినదగినవే. కానీ ఆకులో ఎక్కువ భాగం నీరు, వంద గ్రాముల ఆకులో పీచు ఐదు గ్రాముల లోపే. పరిశోధనలన్నీ ఎక్కువగా గింజ మీద జరిగాయి. ఆకును మంచి ఆకుకూరగా తినండి, గింజకు బదులుగా లెక్కపెట్టకండి. కసూరి మేతి అయితే వాసనకే.

మొలకలు నాకు నచ్చిన రూపం. మెంతుల్ని ఒక రాత్రి నానబెట్టి, నీళ్లు వంచి, తడిగుడ్డలో కట్టి ఒకటిన్నర రోజు ఉంచితే చిన్న మొలక వస్తుంది. చేదు సగానికి తగ్గుతుంది. కోసిన కీరదోస, ఉల్లిపాయ, నిమ్మరసంతో కలిపి భోజనానికి ముందు తింటే సరిపోతుంది. ఎండాకాలం గుడ్డను మాటిమాటికీ తడుపుతూ ఉండాలి, లేకపోతే వాసన వస్తుంది. ఓపిక ఉన్నవాళ్లకు ఇది మంచిది.

మా ఇంట్లో చివరికి నిలిచింది పొడి. పావుకిలో మెంతులు సన్నని సెగ మీద, కమ్మటి వాసన వచ్చి లేత ఎరుపు తిరిగేదాకా వేయించి, చల్లారాక మెత్తగా పొడి చేసి సీసాలో పోస్తాం. రంగు ముదిరేదాకా వేయిస్తే చేదు విపరీతంగా పెరుగుతుంది, ఆ సీసా ఎవరూ ముట్టరు. ఈ పొడి చెంచాడు పల్చని మజ్జిగలో కలిపి, కొంచెం ఉప్పు, అల్లం, కరివేపాకు వేసి పది నిమిషాలు ఉంచితే పొడి ఉబ్బి మజ్జిగ చిక్కబడుతుంది. భోజనానికి ముందు ఒక గ్లాసు. మజ్జిగ పులుపు చేదును చాలావరకు కప్పేస్తుంది. చేపల పులుసులో, బెండకాయ పులుసులో దించే ముందు అరచెంచా వేస్తే ఇంట్లో అందరికీ ఇష్టమే, పులుసుకు చిక్కదనం కూడా వస్తుంది. చింతపండు పులుపున్న చోటల్లా మెంతి ఒదిగిపోతుంది. అందుకే పెద్దవాళ్లు పులుసుల్లో మెంతులు మానలేదనిపిస్తుంది.

మెంతి అట్టు సంగతి చాలామంది అడుగుతారు. బియ్యం మూడు గ్లాసులు, మెంతులు రెండు చెంచాలు వేసి చేసిన అట్టు బియ్యం అట్టే. పేరులో మెంతి ఉన్నంత మాత్రాన నాలుగు తినొచ్చనుకోవద్దు. అదే గ్లాసు పెసలకు రెండు చెంచాల మెంతులు కలిపి నానబెట్టి రుబ్బితే మెత్తటి పెసరట్టు వస్తుంది. మేము బియ్యం పిడికెడుకు మించి వేయడం మానేశాం.

బజారులో దొరికే మెంతి క్యాప్సూల్స్, షుగర్ చూర్ణాల జోలికి నేను పోను. చూర్ణం డబ్బాల మీద మెంతులు, నేరేడు గింజలు, పొడపత్రి అని పేర్లుంటాయి, ఏది ఎంత ఉందో ఉండదు. కిలో మెంతులు రోజుకు పది గ్రాముల చొప్పున వంద రోజులు వస్తాయి. అంత చవకైన దినుసు ఇంట్లో ఉండగా డబ్బాలో ఏం కలిసిందో తెలియని పొడి ఎందుకు?

ఎవరికి ఏది, ఎవరు ఆగాలి

షుగర్ అంచున ఉన్నారని రిపోర్టు వచ్చి, ఇంకా మందు మొదలు పెట్టనివాళ్లకు మెంతులు అన్నిటికన్నా మేలు. రోజుకు అరచెంచాతో మొదలుపెట్టి, వారానికి అరచెంచా పెంచుతూ రెండు, మూడు చెంచాల దాకా వెళ్లొచ్చు. ఒక్కసారిగా ఎక్కువ తింటే గ్యాస్, కడుపు ఉబ్బరం, విరేచనాలు పట్టుకుంటాయి. నీళ్లు బాగా తాగాలి.

మెట్‌ఫార్మిన్ ఒక్కటే వేసుకునేవాళ్లకు లో షుగర్ భయం తక్కువ. కానీ మెట్‌ఫార్మిన్‌తో మొదట్లో కొందరికి కడుపు తేడాగా ఉంటుంది, మెంతులు దాన్ని పెంచొచ్చు. రెండూ ఒకే వారంలో మొదలుపెట్టకండి.

గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటి బిళ్లలు గానీ ఇన్సులిన్ గానీ వాడేవాళ్లు డాక్టరుకు చెప్పాకే మొదలుపెట్టాలి. మా అమ్మ విషయంలో తప్పింది ఇదే. మొదటి రెండు వారాలు షుగర్ తరచుగా కొలవండి. 70 కన్నా తగ్గినా, చెమట, వణుకు, గుండెదడ వచ్చినా మూడు చెంచాల పంచదార లేదా గ్లూకోజ్ నీళ్లలో కలిపి వెంటనే తాగాలి. పావుగంటకు మళ్లీ కొలవాలి. అలాంటప్పుడు మెంతి మజ్జిగ తాగించే పొరపాటు చేయకండి, అది చక్కెర ఎక్కడాన్ని ఇంకా నెమ్మది చేస్తుంది. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

థైరాయిడ్ బిళ్ల వేసుకునేవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట, ఎందుకంటే మన ఇళ్లలో షుగర్, థైరాయిడ్ రెండూ ఒకే మనిషికి ఉండటం మామూలైపోయింది. ఆ బిళ్ల పరగడుపున వేసుకోవాలి, మెంతినీళ్లూ పరగడుపునే తాగమంటారు. రెండూ కలిస్తే మెంతి జిగురు బిళ్లను ఒంట పట్టనివ్వకపోవచ్చు. మెంతుల్ని మధ్యాహ్న భోజనానికి మార్చుకుంటే ఆ గొడవే ఉండదు. మిగతా బిళ్లలకు కూడా గంట, రెండు గంటల ఎడం ఉంచండి.

గర్భిణులు కూరలో, పోపులో పడే మెంతులతో ఆగిపోవాలి. గర్భంతో ఉన్నప్పుడు వచ్చిన షుగర్‌కు చెంచాల లెక్కన మెంతిపిండి తినకూడదు. రక్తం పలుచబడే వార్ఫరిన్ లాంటి మందులు వాడేవాళ్లు, త్వరలో ఆపరేషన్ ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా తినొద్దు. వేరుశనగ, శనగలు పడనివాళ్లకు మెంతులు కూడా పడకపోవచ్చు, ఇవన్నీ ఒకే కుటుంబపు మొక్కలు. ఒంటికి, చెమటకు తియ్యటి మెంతి వాసన వస్తే భయపడక్కర్లేదు.

మీ ఒంటికి పనిచేస్తోందా లేదా అన్నది వీడియో చెప్పలేదు, మీ గ్లూకోమీటర్ చెబుతుంది. ఒకే టిఫిన్, ఉదాహరణకు మూడు ఇడ్లీలు అల్లం చట్నీ, ఒకరోజు మామూలుగా తిని, మొదటి ముద్ద నుంచి రెండు గంటలకు షుగర్ చూడండి. ఇంకోరోజు అదే టిఫిన్‌కు ముందు మెంతి మజ్జిగ తాగి చూడండి. ఒక్కసారితో తేల్చేయకండి. నిద్ర, నడక, టెన్షన్ బట్టి షుగర్ రోజుకో తీరుగా ఉంటుంది. మూడు నాలుగు సార్లు ఇలా జతగా చూసి రాసుకుంటే తేడా ఉందో లేదో కనిపిస్తుంది. మూడు నెలలకు, షుగర్ సగటు చూపే హెచ్‌బీఏ1సీ రక్తపరీక్ష చేయిస్తే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. మూడు నెలలు రోజూ తిన్నా ఏ తేడా లేకపోతే మెంతుల్ని రుచికే ఉంచుకుని, ఆ శ్రద్ధ కంచం మీద పెట్టండి.

కంచం అన్నాను కాబట్టి అన్నం గురించి చెప్పకుండా ఉండలేను. ఒక కప్పు అన్నంలో 40 గ్రాములకు పైగా పిండి పదార్థం ఉంటుంది. మధ్యాహ్నం మూడు కప్పుల అన్నం తిని చెంచాడు మెంతిపొడి చల్లుకుంటే ఆ చెంచా ఏం చేయగలదు? మెంతులు పనిచేసేది అన్నం ఒక కప్పుకు తగ్గి, పప్పు, కూర పెరిగిన కంచంలోనే. మా ఇంట్లో అమ్మ ఈ మాట ఒప్పుకోవడానికి ఏడాది పట్టింది. పుట్టినప్పటి నుంచి అన్నమే కడుపు నింపిన మనిషిని అన్నం తగ్గించమంటే ఎంత కష్టమో దగ్గరుండి చూశాను. ఆవిడను ఒప్పించింది నేను కాదు. రాసి పెట్టుకున్న నోటుపుస్తకంలో మూడు కప్పులు తిన్న రోజు 241, ఒక కప్పు అన్నం, మెంతికూర పప్పు, దొండకాయ కూర, మెంతి మజ్జిగ ఉన్న రోజు 168 అని తన చేతిరాతలోనే కనిపించాక ఒప్పుకుంది.

శనివారాల పద్ధతి కూడా డాక్టరు గారితో మాట్లాడి మార్చాం. ఇప్పుడు ఆ రోజు గ్లిమెపిరైడ్ భోజనంతోనే వేసుకుంటుంది. పూజ తొమ్మిదికల్లా ముగిస్తుంది. మెంతిపొడి సీసా దేవుడి గది గూట్లోంచి వంటింట్లోకి, మజ్జిగ గిన్నె పక్కకు వచ్చింది.